ఎండ ఊరికే వస్తుంది, అప్పు రాదు

శ్రీకాకుళం జిల్లా కవిటిలో ఒక కొబ్బరి రైతు తన కరెంటు బిల్లు నా చేతిలో పెట్టి, "ఇదేటో సూడు బాబూ" అన్నాడు. వాడిన యూనిట్ల సంగతి ఆయనకు తెలుసు. రెండు ఫ్యాన్లు, మూడు లైట్లు, ఒక టీవీ, అంతే. తెలియనిదల్లా కింద ఉన్న ఇంకో వరస: ఇంధన, విద్యుత్ కొనుగోలు వ్యయ సర్దుబాటు. 2023 నుంచి నెలనెలా యూనిట్‌కి 40 పైసల చొప్పున పడుతూ వచ్చింది అదే.

"సర్దుబాటంటే ఎవలు సర్దుకోవాలి తాతా?" అని నేనే నవ్వులాటకి అడిగాను.

"మనమే" అన్నాడు ఆయన, నవ్వకుండా. కాసేపాగి, "బొగ్గు కొంటారు, దానికి డబ్బులవుతాయి, సరే. సూరీడు ఊరికే ఇస్తన్నాడు గదా, మరి ఆ కరెంటుకి కూడా బిల్లేటి?" అని అడిగాడు.

గత అధ్యాయంలో సిలికాన్ పలక మీద ఎండ పడితే ఎలక్ట్రాన్లు ఎలా కదులుతాయో చూశాం. ఈ తాత అడిగిన దానికి జవాబు చెప్పాలంటే డబ్బు ఎలా కదులుతుందో చూడాలి. దేశాల మధ్య తేడా ఎక్కువగా అక్కడే ఉంది.

ఆయన ఇంటి వెనకే జవాబు ఉంది కూడా. కవిటి చుట్టూ ఉన్న ఉద్దానంలో కొబ్బరి మొక్క నాటితే ఆరేడేళ్ల దాకా కాపు రాదు. గొయ్యి తవ్వాలి, నీళ్లు పొయ్యాలి, కంచె కట్టాలి. ఖర్చంతా ముందే. తరువాత చెట్టు ఒక తరం పాటు కాస్తూనే ఉంటుంది. దింపు కూలి తప్ప పెద్ద ఖర్చు ఉండదు. సోలార్ పలక, గాలిమర ఈ జాతివి. బొగ్గు కేంద్రం అలా కాదు. అది హోటలు నడపడం లాంటిది. కట్టడానికి డబ్బు కావాలి, కట్టాక కూడా ప్రతి పూటా సరుకులు కొనాలి. సరుకుల ధర పెరిగితే భోజనం టిక్కెట్టు పెంచుతారు. 2022లో ఉక్రెయిన్ యుద్ధంతో ప్రపంచమంతా బొగ్గు, గ్యాసు ధరలు ఎగబాకాయి. ఎక్కడో జరిగిన ఆ యుద్ధం ఖర్చులో మన వంతు ఈ సర్దుబాటు వరసలో దూరి కవిటి దాకా వచ్చింది.

కొబ్బరితోటకి సరుకుల బెడద లేదు కానీ ఇంకో బెడద ఉంది. నాటే రోజున చేతిలో డబ్బుండాలి. లేకపోతే అప్పు చెయ్యాలి. అప్పుకి వడ్డీ ఉంటుంది.

ఒక లెక్క వేసి చూద్దాం. ఒక మెగావాట్ సోలార్ కేంద్రానికి 4 కోట్ల రూపాయలు అవుతాయనుకుందాం. మన ఎండకి అది ఏడాదికి సుమారు 16 లక్షల 60 వేల యూనిట్లు ఇస్తుంది. ఆ 4 కోట్లూ అప్పు తెచ్చి 25 ఏళ్లలో సమాన వాయిదాలుగా తీర్చాలి. ఏడు శాతం వడ్డీకి దొరికితే ఏడాదికి 34 లక్షల పైచిలుకు కట్టాలి. అంటే యూనిట్‌కి రెండు రూపాయల ఏడు పైసలు. అదే అప్పు పన్నెండు శాతానికి వచ్చిందనుకోండి, ఏడాదికి 51 లక్షలు. యూనిట్ మూడు రూపాయల ఏడు పైసలు. పలక అదే, ఎండ అదే, భూమి అదే. యూనిట్ మీద రూపాయి తేడా పూర్తిగా వడ్డీదే. సూర్యుడు ఊరికే ఇచ్చినదానికి బిల్లు వేసేది షావుకారు.

ఇది అర్థమైతే ప్రపంచ పటంలో ఒక వింత ముడి విడిపోతుంది. జర్మనీలో ఒక పలక మీద ఏడాది మొత్తానికి పండే కరెంటు, మన దగ్గర పండేదానిలో మూడింట రెండు వంతులు దరిదాపు. అయినా సోలార్‌ని ముందు ఎత్తుకున్నది జర్మనీయే, సహారా ఎడారి దేశాలు కావు. జర్మనీ 2000లో ఒక చట్టం చేసింది. మీరు ఇంటి మీదో పొలంలోనో కరెంటు పండిస్తే 20 ఏళ్ల పాటు ఫలానా ధరకి కొని తీరాలని విద్యుత్ సంస్థల మీద బాధ్యత పెట్టింది. ఆ కాగితం పట్టుకుని ఊరి బ్యాంకుకి వెళ్తే తక్కువ వడ్డీకి అప్పు పుట్టింది. ఎండ తక్కువైన లోటుని వడ్డీ తక్కువై పూడ్చింది. ఆ అదనపు ధర భారం జర్మనీ జనం తమ బిల్లుల మీద మోశారు. వాళ్ల గిరాకీ చూసి చైనాలో ఫ్యాక్టరీలు లేచాయి. అక్కడి రాష్ట్రాలు భూములిచ్చాయి, బ్యాంకులు అప్పులిచ్చాయి. ఒకరితో ఒకరు పోటీపడి ధరలు తెగ్గొట్టుకున్నారు, కొన్ని పెద్ద కంపెనీలు దివాలా కూడా తీశాయి. 2010 నుంచి పదేళ్లలో పలక ధర పదో వంతు దరిదాపుకి పడిపోయింది. నన్నడిగితే, ఇవాళ మన ఊళ్ళల్లో వెలుగుతున్న ప్రతి సోలార్ వీధిదీపంలోనూ ఏ బవేరియా రైతు బిల్లులోనిదో కొంత సొమ్ము ఉంది.

మన దేశం వేలంపాట దారి పట్టింది. ఎవరు తక్కువకి అమ్ముతామంటే వాళ్లకి 25 ఏళ్ల ఒప్పందం. జాతీయ సోలార్ మిషన్ 2010లో మొదలైనప్పుడు మొదటి పాటలో అతి తక్కువ ధర యూనిట్‌కి 10 రూపాయల 95 పైసలు. మరుసటి ఏడాదికే 7 రూపాయల 49 పైసలు. 2017లో మన కడప జిల్లా పాటలో 3 రూపాయల 15 పైసలు, నెల తిరిగేసరికి రాజస్థాన్ భడ్లాలో 2 రూపాయల 44 పైసలు. 2020 డిసెంబరులో గుజరాత్‌లో రూపాయి 99 పైసలు. పదేళ్లలో పదకొండు రూపాయల సరుకు రెండు రూపాయలకి దిగింది. కందిపప్పు అలా దిగితే దేశంలో పండగే.

ఉరుగ్వే అనే చిన్న దేశం ఉంది. జనం 35 లక్షలు, మన శ్రీకాకుళం, విజయనగరం పాత జిల్లాలు రెండూ కలిపితే వచ్చే జనంకన్నా తక్కువ. చమురు లేదు, బొగ్గు లేదు. 2008లో ప్రభుత్వం ఒక విధానం తెచ్చింది. 2010లో పార్టీలన్నీ కూర్చుని దాని మీద ఒప్పుకున్నాయి, ఎవరు గెలిచినా అదే నడుస్తుందని. ప్రభుత్వ విద్యుత్ సంస్థ 20 ఏళ్ల ఒప్పందాలు రాసిచ్చింది. పదేళ్లలోపే ఆ దేశపు కరెంటులో నూటికి తొంభైకి పైగా గాలి, నీరు, ఎండ, జీవవ్యర్థాల నుంచి వస్తోంది. అక్కడ గాలి మరీ గొప్పగా వీస్తుందని కాదు. మాట మీద నిలబడతారన్న నమ్మకం వడ్డీని దించింది.

మాట తప్పితే ఏమవుతుందో చెప్పడానికి విదేశాలకి వెళ్లక్కర్లేదు. 2019 జూలై 1న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం జి.ఓ. 63 ఇచ్చింది. అంతకుముందు కుదిరిన గాలి, సోలార్ ఒప్పందాల ధరలు ఎక్కువగా ఉన్నాయి, తిరిగి మాట్లాడుకుందాం అని. గాలి కరెంటు యూనిట్ 4 రూపాయల 84 పైసలకి కొంటామన్న ఒప్పందాలున్నాయి. వ్యవహారం హైకోర్టుకి చేరింది. తేలేదాకా గాలికి 2 రూపాయల 43 పైసలు, సోలార్‌కి 2 రూపాయల 44 పైసలు చొప్పున ఇమ్మంది కోర్టు. జపాన్ రాయబారి కూడా ఆందోళన చెబుతూ రాష్ట్రానికి లేఖ రాశాడు. చివరికి 2022 మార్చిలో డివిజన్ బెంచి, ఒప్పందంలో రాసుకున్న ధరే చెల్లించాలని తీర్పు చెప్పింది.

ఇందులో ప్రభుత్వం వాదన ఉత్తిదేమీ కాదు. ఆ 4.84 వేలంలో తేలిన ధర కాదు, నియంత్రణ మండలి నిర్ణయించింది. కళ్లముందు వేలంలో ధరలు కూలిపోతుంటే విద్యుత్ పంపిణీ సంస్థలు పాత ధరకి పాతికేళ్లు కట్టాలా అన్నది న్యాయమైన ప్రశ్నే. కానీ సంతకం చేశాక అడిగే ప్రశ్న కాదది. పొలం కౌలుకిచ్చి, పంట ఏపుగా ఉందని కోతల ముందు మక్తా పెంచితే మరుసటేడు ఆ ఊళ్లో కౌలుదారు దొరకడు. దొరికినా ఆ భయం ఖరీదు కలిపే బేరమాడతాడు. స్పెయిన్ కూడా 2008 తర్వాత ఇదే పని చేసి, పెట్టుబడిదారులతో ఏళ్ల తరబడి అంతర్జాతీయ మధ్యవర్తుల దగ్గర కొట్లాడింది. అప్పిచ్చేవాడికి జ్ఞాపకశక్తి ఎక్కువ.

2021 డిసెంబరులో మన రాష్ట్రం రైతుల ఉచిత కరెంటు కోసం 7,000 మెగావాట్ల సోలార్ కొనడానికి ఒప్పందం చేసుకుంది. యూనిట్ 2 రూపాయల 49 పైసలు. కేంద్ర సంస్థ మధ్యలో నిలబడి పూచీ ఇచ్చింది, కరెంటు పండేది రాజస్థాన్‌లో. అంతర్రాష్ట్ర ప్రసార చార్జీలను కేంద్రం మాఫీ చేయడంతో అక్కడి ఎండ ఇక్కడి మోటారుకి గిట్టుబాటైంది. ఆ ఒప్పందం చుట్టూ తర్వాత రేగిన ఆరోపణలు ఈ అధ్యాయానికి అవతలివి. నాకు పట్టిందల్లా ఒకటే. ఎండ అనంతపురంలోనూ ఉంది, మరి రాజస్థాన్ దాకా ఎందుకెళ్లాం?

అనంతపురం అన్నాను గానీ శ్రీకాకుళం అనలేదు. ఉత్తరాంధ్రలో పెద్ద గాలిమరలు కనబడవు. గాలి కనుమల సందుల్లో, ఎత్తైన మెట్టల మీద నిలకడగా వీస్తుంది. అది రాయలసీమ సొత్తు. వెయ్యి మెగావాట్ల సోలార్ పార్కు ఓర్వకల్లులో వచ్చింది, అక్కడ మబ్బు తక్కువ, బీడు ఎక్కువ. మన దగ్గర వానలు ఎక్కువ, కమతాలు చిన్నవి, తుపాన్లు వచ్చే దారి. అందుకని విద్యుత్ ప్రణాళికలు వేసేవాళ్లు ఈ తీరాన్ని వేరే కంటితో చూశారు. సముద్రపు నీరుంది, ఓడలో బొగ్గు దించుకోవచ్చు, భూమి చవక. 2008 నాటికి శ్రీకాకుళం తీరమంతా బొగ్గు కేంద్రాల పటం గీసేశారు. రణస్థలం మండలం కొవ్వాడలో అణు కేంద్రం వీటికి అదనం. ఆ కేంద్రానికి రియాక్టర్లు ఇవ్వవలసిన వెస్టింగ్‌హౌస్ కంపెనీయే 2017లో దివాలా పిటిషను వేసింది.

ఆ పటంలోని సోంపేట దగ్గర ఒక నేలని బీల అంటారు. వానాకాలంలో నీళ్లు నిలిచే పల్లపు నేల. చూసేవాడికి బురద, రెవెన్యూ రికార్డులో ప్రభుత్వ భూమి. అక్కడే చేపలు, నాచు, పశువుల మేత. చుట్టూ ఊళ్లలో వరికి ఎత్తిపోసే నీళ్లు కూడా అవే. అక్కడ 2,640 మెగావాట్ల బొగ్గు కేంద్రం కట్టడానికి నాగార్జున కన్‌స్ట్రక్షన్ కంపెనీకి భూమి కేటాయించారు. 2010 జూలై 14న పోలీసులు కాల్పులు జరిపారు, జనం చనిపోయారు. ఆ వారంలోనే జాతీయ పర్యావరణ అప్పీలు సంస్థ ఆ ప్రాజెక్టు అనుమతిని కొట్టేసింది. ఏడాది తిరక్కుండా, 2011 ఫిబ్రవరి 28న, సంతబొమ్మాళి మండలం కాకరాపల్లిలో మళ్లీ కాల్పులు, మళ్లీ చావులు. అక్కడి తంపర అనే పల్లపు నేలల్లో ఈస్ట్‌కోస్ట్ ఎనర్జీ మొదలుపెట్టిన కేంద్రం పూర్తికాలేదు. కంపెనీ దివాలా ప్రక్రియలోకి పోయింది.

ఆ రోజుల్లో చదువుకున్నవాళ్లం చాలామందిమి ఒక మాట అనేవాళ్లం. నేనూ అన్నాను. "కరెంటు కావాలి, కేంద్రం మాత్రం వద్దంటే ఎలా?" అని. ఇప్పుడు ఆ మాట తిరిగి చూసుకుంటే సిగ్గేస్తుంది. మేము వేసిన లెక్కలో బొగ్గు కరెంటు చవక. ఎందుకు చవకంటే బీల ధర సున్నా అని రాసుకున్నాం కాబట్టి. చేపకి, మేతకి, ఎత్తిపోతకి అంకె వెయ్యలేదు. రైతులు ఆ సున్నా దగ్గరే తగువు పెట్టారు. తరువాత ఏడెనిమిదేళ్లకి కథ ఇంకో మలుపు తిరిగింది. 2018లో పార్లమెంటు స్థాయీ సంఘం దేశంలో 34 బొగ్గు ప్రాజెక్టులు, సుమారు 40,000 మెగావాట్లు, అప్పులు తీర్చలేని స్థితిలో ఉన్నాయని లెక్క తేల్చింది. కొందరికి బొగ్గు లేదు, కొందరికి కొనేవాడు లేడు. సోంపేట కేంద్రం లేచి ఉంటే అదీ ఆ వరసలో నిలబడేదేమో. కొనుగోలు ఒప్పందం ఉంటే మాత్రం, వాడినా వాడకపోయినా దాని స్థిర చార్జీలు మన బిల్లులో పడేవి. కవిటి తాత బిల్లులో ఇంకో వరస తగ్గడానికి బీల మనుషులు కారణం కావచ్చు. వాళ్లకి ఆ సంగతి ఎవరూ చెప్పలేదు.

సరే, సోలార్ చవకైపోయింది. అయితే అంతా అయిపోయినట్టేనా? వియత్నాంని చూడండి. 2017లో ఆ దేశం సోలార్ కరెంటుకి యూనిట్ 9.35 అమెరికన్ సెంట్లు ఇస్తామంది. 2020 ఆఖరికి, దాదాపు ఏమీ లేని చోట, 16,500 మెగావాట్లు మొలిచాయి. లైన్లు చాలలేదు. మిట్టమధ్యాహ్నం పండిన కరెంటుని తీసుకునేవాడు లేక కేంద్రాలను ఆపించారు. పాకిస్తాన్‌లో ఇంకో వింత. ప్రభుత్వం కరెంటు ధర పెంచుతూ పోయింది. జనం విసిగి 2024 ఒక్క ఏడాదిలోనే చైనా నుంచి 17,000 మెగావాట్ల దరిదాపు పలకలు దింపుకున్నారు. విధానం బాగుండి సోలార్ పెరిగే దేశాలున్నాయి, విధానం చెడి పెరిగే దేశమూ ఉంది.

ఎండ కరెంటుకి ఒక జబ్బుంది. మనకి కావలసింది సాయంత్రం ఏడింటికి, అది వచ్చేది మధ్యాహ్నం పన్నెండింటికి. ఈ ఏడు గంటల ఎడాన్ని పూడ్చడానికి పాత ఉపాయమే మళ్లీ పైకొచ్చింది. కొండ మీద ఒక చెరువు, కింద ఒక చెరువు. మధ్యాహ్నం మిగులు కరెంటుతో నీళ్లు పైకి తోడాలి, సాయంత్రం కిందికి వదిలి టర్బైన్ తిప్పాలి. తోడడానికి వంద యూనిట్లు ఖర్చు పెడితే 75 నుంచి 80 తిరిగొస్తాయి. దీనికి గాలీ ఎండా అక్కర్లేదు, ఎత్తైన కొండ కావాలి. రాయలసీమకి ఎండ ఉంటే మనకి తూర్పు కనుమలున్నాయి. అలా పటం మళ్లీ మన వైపు తిరిగింది.

2022 జూన్‌లో రాష్ట్రం 15,376 కోట్ల పెట్టుబడితో 3,700 మెగావాట్ల పంప్డ్ స్టోరేజి ప్రాజెక్టులను అదానీ గ్రీన్‌కి ఆమోదించింది. అందులో కురుకుట్టి 1,200, కర్రివలస 1,000. రెండూ సాలూరు వైపువే. నిన్నటిదాకా విజయనగరం జిల్లా, ఇప్పుడు పార్వతీపురం మన్యం. 2024 అక్టోబరులో వచ్చిన సమీకృత స్వచ్ఛ ఇంధన విధానం ఇలాంటి నిల్వ 22,000 మెగావాట్ల దాకా కావాలని లక్ష్యం రాసుకుంది. సాలూరు గిరిజనులు వద్దని ఊరేగింపులు తీశారు. కొండ మీద వాళ్లకి పోడు ఉంది, జీడితోటలున్నాయి. పలాస బట్టీల్లో వేగే జీడిపిక్కలో కొంత ఆ కొండలదే.

ఇక్కడే నాకు భయం. కాగితాల మీద ఆ కొండ కూడా బీల లాగే సున్నా అని పడే ప్రమాదం ఉంది. పాత అనుభవం ఒకటుంది మన దగ్గర. ఒడిశా సరిహద్దులో మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రం 1955లో మొదలైంది. ఉత్తరాంధ్ర పట్టణాలకి, మిల్లులకి వెలుగిచ్చిన కేంద్రం అది. ఆ లైన్ల కింద ఉన్న కొండ ఊళ్లు ఎన్నో ఏళ్లు కిరోసిన్ దీపాల మీదే బతికాయి. ఈసారి గిరిజనుల చేతిలో అప్పుడు లేని పనిముట్లున్నాయి. 1/70 చట్టం ఉంది. షెడ్యూల్డు ప్రాంతంలో గిరిజన భూమి గిరిజనేతరులకి, ప్రైవేటు కంపెనీకి కూడా, పోకూడదని 1997 సమత తీర్పు గట్టిగా చెప్పింది. 1996 నుంచి పెసా చట్టం గ్రామసభని సంప్రదించమంటోంది. వీటిని అడ్డంకులుగా చూసే ఇంజనీర్లు నాకు తెలుసు. నేను వాళ్లతో ఒప్పుకోను. తగువులో పడిన ప్రాజెక్టు ఏడేళ్లు ఆలస్యమైతే ఆ ఏడేళ్ల వడ్డీ ఎంతో పైన వేసిన లెక్క చెబుతుంది. ముందే కూర్చుని, భూమికి అద్దె, ఊరికి వాటా, తోటకి బదులు తోట అని రాసుకుంటే అప్పు తొందరగా తీరుతుంది. ఇది దయకి సంబంధించిన సంగతి కాదు, ఖాతాకి సంబంధించింది.

ఇంటి పైకప్పు సంగతి ఒక్క ముక్క. 2024లో వచ్చిన పీఎం సూర్యఘర్ పథకంలో మూడు కిలోవాట్లకి 78,000 రూపాయల దాకా సబ్సిడీ. మంచిదే. కానీ పెంకుటింటికి, సిమెంటు రేకుల ఇంటికి, వలసపోయి తాళం వేసిన ఇంటికి అది ఎలా చేరుతుంది? ఇంకోటి, 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ పలాస దగ్గర తీరం దాటాక వేలాది స్తంభాలు నేలకొరిగాయి. మా వీధి చివర ఎవరో జనరేటరు పెడితే ఊరంతా ఫోన్లు పట్టుకుని వరసలో నిలబడింది. పక్కింటి డాబా మీద సోలార్ పలకలు చెక్కు చెదరలేదు, ఎండ కూడా బ్రహ్మాండంగా కాసింది. ఆ ఇంట్లో కూడా దీపం లేదు. బ్యాటరీ లేని సోలార్, లైన్లో కరెంటు పోతే తానూ ఆగిపోతుంది. లైను బాగుచేసేవాడికి షాక్ కొట్టకుండా అలా కట్టారు. తుపాను జిల్లాలో సబ్సిడీ బ్యాటరీకి కూడా ఉండాలని నా అభిప్రాయం.

సాలూరు, మక్కువ, పాచిపెంట వైపు ఈ పుస్తకం చదివేవాళ్లుంటే ఒక మాట. ప్రాజెక్టు గురించి ప్రజాభిప్రాయ సేకరణ అని దండోరా వేస్తే, వెళ్లేముందు పర్యావరణ నివేదిక సారాంశం తెలుగులో అడగండి. 2006 నాటి నోటిఫికేషన్ ప్రకారం అది స్థానిక భాషలో ఉంచి తీరాలి. అందులో మీ కొండ ఖరీదు ఎంత రాశారో చూసి, ఆ తర్వాత మాట్లాడండి.